అర్థమవుతుంది గానీ లెక్క రావట్లేదు

ఇంటర్ ఫస్టియర్ చదివే పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఫిజిక్స్ మాట ఎత్తి చూడండి. "సార్ చెప్తుంటే అంతా అర్థమవుతుంది, లెక్క మాత్రం రావట్లేదు" అంటారు. దసరా సెలవులకి హాస్టల్ నుంచి వచ్చిన మా మేనకోడలు కూడా అదే మాట అంది. పదో తరగతిలో సైన్స్ అంటే ఇష్టపడ్డ పిల్ల. ఇప్పుడు వీకెండ్ టెస్టులో మ్యాథ్స్, కెమిస్ట్రీ లాక్కొస్తున్నాయి, ఫిజిక్స్ ముంచుతోంది. వాళ్ళమ్మ వెంటనే తీర్పు చెప్పేసింది: "ప్రాక్టీసు చాలట్లేదురా, ఇంకా లెక్కలు చెయ్యమని నువ్వైనా చెప్పు."

నాకు తెలిసిన లెక్చరర్లూ దాదాపు ఇదే చెప్తారు. నేను మాత్రం ఒప్పుకోను. ఆ పిల్ల అప్పటికే కట్టలకొద్దీ మెటీరియల్ చేసింది. నాకు అనుమానం ఆ వాక్యంలోని మొదటి సగం మీదే. సార్ చెప్తుంటే అర్థమైందని పిల్లలు అనుకుంటున్నది నిజంగా అర్థమైందా?

ఫిజిక్స్‌లో కష్టమంతా ఫార్ములాకి ముందే ఉంటుందని నేననుకుంటాను. ఎదురుగా ఒక సందర్భం ఉంటుంది: లిఫ్టో, బండో, తాడుకి వేలాడే దిమ్మెలో. అందులో ఏ వస్తువుని చూడాలి, దాని మీద ఏ బలాలున్నాయి, ఏ నియమం పనికొస్తుంది అని తేల్చుకోవాలి. పాతికేళ్ళుగా చెప్తున్న సార్ ఆ పనిని బోర్డు వైపు తిరిగేలోపు మనసులోనే చేసేస్తారు. చాక్‌పీస్‌తో రాసేది ఆ తర్వాతది: ఒక సమీకరణం, రెండు ప్రతిక్షేపణలు, జవాబు. పిల్లలు చూసేదీ అదే, అర్థమయ్యేదీ అదే. రాత్రి స్టడీ అవర్‌లో ఒంటరిగా లెక్క ముందు కూర్చున్నప్పుడు కావాల్సింది మాత్రం సార్ మనసులో జరిగిపోయిన ఆ మొదటి ముక్క. దాన్ని ఎవరూ చూపించలేదు.

బంతి మీద రెండు బాణాలు

నేను ఆ అమ్మాయికి కష్టమైన లెక్క ఏమీ ఇవ్వలేదు. బంతిని సెకనుకి 10 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరితే ఎంత ఎత్తు వెళ్తుందని అడిగాను. పెన్ను కూడా తియ్యకుండా "5 మీటర్లు మామయ్యా" అంది. కరెక్టే. బంతి ఇంకా పైకి వెళ్తుండగా దాని మీద ఉన్న బలాల్ని బొమ్మ గియ్యమన్నాను. చిన్న సున్నా చుట్టి రెండు బాణాలు వేసింది. కిందకి ఒకటి, భూమి ఆకర్షణ. పైకి ఇంకొకటి, కొంచెం పొడవుగా.

"పైకి ఉన్నదేంటమ్మా?"

"విసిరిన బలం."

"ఎవరిస్తున్నారు దాన్ని?"

"చెయ్యి."

"బంతి చేతిని వదిలి అరసెకను అయింది కదా."

కాసేపు బొమ్మ వైపే చూసింది. "మరి పైకి ఎలా వెళ్తోంది?" అని నన్నే ఎదురడిగింది.

ఆ ప్రశ్న దగ్గరే న్యూటన్ మొదటి నియమం మొదలవుతుంది. ఆ నియమాన్ని ఆ పిల్ల తడుముకోకుండా ఒప్పజెప్పగలదు, రెండు మార్కుల ప్రశ్నగా చాలాసార్లు రాసింది కూడా. కదలాలంటే ఏదో ఒకటి తోస్తూ ఉండాలన్న నమ్మకానికీ ఆ నియమానికీ పడదని మాత్రం ఎప్పుడూ తట్టలేదు. తట్టాల్సిన అవసరమూ రాలేదు, 5 మీటర్లు అన్న జవాబుకి బాణాలతో పనిలేదు కాబట్టి.

ఇందులో ఆ పిల్లని తప్పు పట్టడానికేమీ లేదు. అరిస్టాటిల్‌కీ ఇంచుమించు ఇలాంటి నమ్మకమే ఉండేది. దాన్ని గెలీలియో, న్యూటన్ వచ్చి కదిలించడానికి దాదాపు 2000 ఏళ్ళు పట్టింది. మనం దాన్ని జూలైలో ఒక వారంలో ముగించి ఆగస్టులో ఘర్షణకి వెళ్ళిపోతాం. ఫిజిక్స్ కష్టమా అని అడిగితే, అవును, కష్టమే. పుట్టినప్పటి నుంచీ కళ్ళతో చూసి, చేత్తో తోసి ఏర్పరచుకున్న లోకజ్ఞానాన్ని పక్కన పెట్టమంటుంది మరి. కెమిస్ట్రీలో ఈ గొడవ తక్కువ. మోల్ గురించి ఎవరికీ చిన్నప్పటి నుంచి సొంత అభిప్రాయం ఉండదు.

"ఈ మోడల్ చెప్పలేదు"

కోచింగ్ కాలేజీల్లో లెక్కల్ని మోడల్స్‌గా విడగొడతారు. లిఫ్ట్ మోడల్, కప్పీ మోడల్, వెడ్జ్ (ఏటవాలు దిమ్మె) మోడల్, పడవ-నది మోడల్. టెస్టులో లెక్క రాకపోతే "ఈ మోడల్ మాకు చెప్పలేదు" అంటారు పిల్లలు. 1981లో మిషెలిన్ ఛీ, పాల్ ఫెల్టోవిచ్, రాబర్ట్ గ్లేజర్ అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. కొన్ని ఫిజిక్స్ లెక్కలు చేతికిచ్చి, సాధించక్కర్లేదు, ఒకలాంటివి ఒకచోట పెట్టండి చాలు అన్నారు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు ఏటవాలు బల్ల ఉన్నవన్నీ ఒక కుప్ప, స్ప్రింగులున్నవన్నీ ఇంకో కుప్ప పెట్టారు. ఆరితేరినవాళ్ళు శక్తి నిత్యత్వంతో తేలేవి ఒకచోట, న్యూటన్ రెండో నియమంతో తేలేవి ఒకచోట పెట్టారు, బొమ్మలో బల్ల ఉందా స్ప్రింగు ఉందా అని చూడకుండా. మన మెటీరియల్ లెక్కల్ని కుప్పలు పోసేది అచ్చం ఆ కొత్తవాళ్ళలాగే.

దీని ఫలితం ఎలా ఉంటుందో చెప్తాను. నున్నటి ఏటవాలు బల్ల మీద ఒక దిమ్మె జారుతోంది. దాని మీద నార్మల్, అంటే బల్ల దాన్ని లంబంగా తోసే బలం, ఎంత? ఇంటర్ పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా ఎంజీ కాస్ తీటా అంటారు (ఎంజీ అంటే బరువు, తీటా అంటే వాలు కోణం). ఇప్పుడు బయటి అంచు ఎత్తు చేసిన మలుపు రోడ్డు మీద కారు వెళ్తోంది. ఘర్షణ లేదనుకుందాం, కారు సరిగ్గా ఆ మలుపుకి తగ్గ వేగంతోనే ఉంది. నార్మల్ ఎంత? బొమ్మ అదే బొమ్మ: ఒక వాలు, దాని మీద ఒక డబ్బా. చాలామంది మళ్ళీ ఎంజీ కాస్ తీటా రాసేస్తారు. కానీ ఇక్కడ జవాబు ఎంజీ బై కాస్ తీటా. వాలు 60 డిగ్రీలుంటే మొదటిదాంట్లో నార్మల్ బరువులో సగం, రెండోదాంట్లో బరువుకి రెట్టింపు. ఒకేలా కనిపించే రెండు బొమ్మల మధ్య నాలుగు రెట్ల తేడా.

ఎందుకంటే దిమ్మె వాలు వెంట జారుతోంది, వాలుకి లంబంగా దానికి త్వరణం లేదు. కాబట్టి ఆ లంబ దిశలో బలాలు సరిపోవాలి. కారు వాలు వెంట పైకీ కిందకీ జారట్లేదు. దాని త్వరణం అడ్డంగా, మలుపు కేంద్రం వైపు ఉంది. నిలువుగా త్వరణం లేదు కాబట్టి నిలువు దిశలో బలాలు సరిపోవాలి. అంటే బొమ్మ చూసి అడగాల్సిన ప్రశ్న "త్వరణం ఎటు?" అన్నది. ఆ ఒక్క ప్రశ్నతో రెండూ తేలిపోతాయి. మోడల్స్‌గా చదివినవాడు రెండు ఫార్ములాలు విడివిడిగా బట్టీ పట్టి, పరీక్షలో ఏది ఎక్కడిదో గుర్తురాక తలపట్టుకుంటాడు. మూడోసారి ఆ వెడ్జ్‌నే ఎవరో అడ్డంగా తోస్తున్నారని ఇస్తే, అది మళ్ళీ ఇంకో మోడల్!

ఎక్కువ లెక్కలు చేస్తే వచ్చేస్తుందా?

దీనికి నేను తరచూ గుర్తుచేసేది ఒక కొరియా పరిశోధన. మన కార్పొరేట్ కాలేజీల వాతావరణానికి దగ్గరగా ఉండేది కొరియా ఎంట్రన్స్ చదువే. కిమ్, పాక్ అనే ఇద్దరు 2002లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో రాశారు. వాళ్ళు చూసిన విద్యార్థులు 300 నుంచి 2900 దాకా లెక్కలు చేసినవాళ్ళు, సగటున 1500. ఫార్ములాలు వాడటంలో, గణితంలో వాళ్ళకి పెద్ద ఇబ్బంది లేదు. కానీ యాంత్రిక శాస్త్రంలో అందరికీ ఉండే మౌలికమైన అపోహలు వాళ్ళకీ ఉన్నాయి. పైగా ఎన్ని లెక్కలు చేశారన్నదానికీ ఎంత అర్థమైందన్నదానికీ పెద్దగా సంబంధం కనిపించలేదు.

దీన్ని పట్టుకుని ఊగిపోకూడదని నాకూ తెలుసు. వాళ్ళు చూసింది చిన్న బృందాన్నే. ఎన్ని లెక్కలు చేశారన్నది ఆ పిల్లలే వేసుకున్న అంచనా. అసలు లెక్కలు చెయ్యకుండా ఫిజిక్స్ వస్తుందని ఆ వ్యాసమూ అనలేదు, నేనూ అనను. వీడియోలు చూసి "కాన్సెప్ట్ క్లియర్" అనుకునేవాళ్ళ పరిస్థితి ఇంకా అన్యాయం. నేనంటున్నది ఇంతే: వెయ్యో లెక్క కూడా మొదటి లెక్క చేసినట్టే చేస్తే అలవాటయ్యేది చెయ్యి మాత్రమే.

ఇక్కడ ఇంకో మాట చెప్పకపోతే పిల్లలకి అన్యాయం చేసినట్టే. తప్పంతా వాళ్ళ చదువుదే కాదు, మనం వండిన సిలబస్ వరసది కూడా. ఏళ్ల తరబడి మన ఇంటర్ బోర్డుల మ్యాథ్స్ ఎలా ఉందో గుర్తు తెచ్చుకోండి. అవకలనాలు వన్-బీలో, అంటే ఫస్టియర్ రెండో పేపర్లో, చివర్న వచ్చేవి, బిందుపథం, సరళరేఖలు, తలం అన్నీ అయ్యాక. సమాకలనం టూ-బీలో, అంటే సెకండియర్‌లో. ఫిజిక్స్‌లో మాత్రం ఫస్టియర్ మూడో పాఠంలోనే తక్షణ వేగం అంటూ డీఎక్స్ బై డీటీ అనే అవకలనం వచ్చి కూర్చునేది. మారే బలం చేసే పనికి, జడత్వ భ్రామకానికి సమాకలనం కావాలి. ఫిజిక్స్ సార్ "మ్యాథ్స్‌లో చెప్తారు" అంటారు, మ్యాథ్స్ సార్ "ఆ చాప్టర్ ఇంకా రాలేదు" అంటారు. బైపీసీ పిల్లల సంగతి మరీ ఘోరం. వాళ్ళకి మ్యాథ్సే లేదు, ఫిజిక్స్ మాత్రం అదే. నీట్‌లో 720 మార్కుల్లో 180 ఫిజిక్స్‌వి. జువాలజీ అంటే ప్రాణం పెట్టే పిల్లలు సీటు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే అని ఆ సెక్షన్లకి చెప్పే లెక్చరర్లు అంటుంటారు. నమ్మబుద్ధవుతుంది.

అందుకే పదో తరగతి పరీక్షలయ్యాక వచ్చే వేసవిలో బ్రిడ్జి కోర్సుల పేరుతో సిలబస్ ముందుకు తోసే బదులు, ఒక్క గ్రాఫ్ గురించి నేర్పితే చాలంటాను. వాలు అంటే మార్పు రేటు, గ్రాఫు కింద వైశాల్యం అంటే మొత్తం కూడిక. టీ స్క్వేర్, సైన్, కాస్‌ల అవకలనాలు ఎలా వచ్చాయో ఒకసారి చూపించాలి. వెక్టర్‌ని ఒకదానికొకటి లంబంగా ఉండే రెండు దిశల్లో కాస్, సైన్ ముక్కలుగా విడగొట్టడం చేతికి అలవాటు చెయ్యాలి. బైపీసీ వాళ్ళకైతే ఇది తప్పనిసరి.

నేను ఆ అమ్మాయితో చేయించింది

సెలవులు కొద్దిరోజులే. పెద్ద టైం టేబుల్ ఏమీ వెయ్యలేదు. రోజుకి నాలుగే లెక్కలు అన్నాను. "నాలుగా! హాస్టల్లో నలభై చేస్తాం" అంది. ఆ నాలుగింటికి పెట్టిన షరతు ఒకటే. ఫార్ములా రాసేముందు బొమ్మ గీసి, మూడు విషయాలు తెలుగులో పైకి చెప్పాలి. మనం చూస్తున్న వస్తువు ఏది? భూమిని పక్కన పెడితే దాన్ని ముట్టుకుంటున్నవి ఏవేవి? దాని త్వరణం ఎటు? మెకానిక్స్ పాఠాల్లో ఈ రెండో ప్రశ్న అద్భుతంగా పనిచేస్తుంది. ముట్టుకోనిది తోయలేదు, లాగలేదు, భూమ్యాకర్షణ ఒక్కటే మినహాయింపు. "విసిరిన బలం" లాంటివన్నీ ఈ ప్రశ్న దగ్గర రాలిపోతాయి. తెలుగులో ఎందుకంటే, ఇంగ్లీషులో అడిగితే పుస్తకంలో వాక్యం ఒప్పజెప్తుంది. తెలుగులో అయితే ఆలోచించక తప్పదు.

సొల్యూషన్ చూడటానికీ ఒక పద్ధతి పెట్టుకున్నాం. కనీసం పావుగంట కుస్తీ పట్టాలి. అప్పటికీ రాకపోతే ఒక్క లైను చూసి పుస్తకం మూసెయ్యాలి. మొత్తం సొల్యూషన్ చదివితే "ఓహ్, ఇంతేనా" అనిపిస్తుంది. ఆ "ఇంతేనా" చాలా ప్రమాదకరమైనది. మర్నాడు అదే లెక్క ఇస్తే మళ్ళీ రాదు.

జవాబు వచ్చాక లెక్క అయిపోయినట్టు కాదు. దాన్ని కొంచెం వేధించాలి. తీటా సున్నా అయితే ఏమవుతుంది? మలుపు రోడ్డు చదునైపోతే ఎంజీ బై కాస్ తీటా కాస్తా ఎంజీ అవుతుంది, బాగానే ఉంది. రెండు దిమ్మెల లెక్కలో ఒకదాని ద్రవ్యరాశి సున్నా అనుకుంటే? జవాబులో మితులు, అంటే డైమెన్షన్లు, సరిపోయాయా? మితుల పాఠం మొట్టమొదట్లోనే చెప్తారు. దాన్ని మార్కుల ప్రశ్నగా రాసి వదిలేస్తారు గానీ, అది ఏడాది పొడవునా రోజూ వాడాల్సిన సాధనమని చెప్పేవాళ్ళు తక్కువ.

పెద్ద డెరివేషన్ల విషయంలో మేనకోడలికీ నాకూ వాదన జరిగింది. లఘులోలకం నేర్చుకుంది, ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాస్తుంది. సైన్ తీటా ఉన్నచోట తీటా అని ఎందుకు రాశావంటే "అక్కడ అలాగే రాయాలి" అంది. కోణం చిన్నదైతేనే అది చెల్లుతుందని, గోలాన్ని 60 డిగ్రీలకి లాగి వదిలితే ఆ ఫార్ములా సరిగ్గా పనిచెయ్యదని చెప్పాను. నమ్మలేదు. ఒక మీటరు దారానికి తాళంకప్ప కట్టి కిటికీ ఊచకి వేలాడదీశాం. కొద్దిగా లాగి వదిలి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టాం. 20 ఊపులకి 40 సెకన్లు, లెక్కకి ఇంచుమించు సరిపోయింది. అదే బాగా దూరం లాగి వదిలితే టైం రెండు సెకన్లకి పైగా పెరిగింది. పుస్తకంలో ఉన్నది ఇంట్లో కిటికీ దగ్గర నిజమవడం ఆ పిల్లకి అదే మొదటిసారి. లోలకం ప్రయోగం ప్రాక్టికల్స్‌లో ఉంది కదా అంటారా? ఉంది. 30 మార్కులూ ఉన్నాయి. ల్యాబు తాళం పరీక్షల ముందే తీస్తారు, రికార్డులో రీడింగులు సీనియర్ల దగ్గర్నుంచి దిగుతాయి, మార్కులు మాత్రం 28, 29 పడతాయి.

మళ్ళీ చదవడం గురించి ఒక్క ముక్క. హైలైటర్‌తో గీసిన పేజీ నాలుగోసారి చదవడం కన్నా పుస్తకం మూసి తెల్లకాగితం మీద గుర్తున్నది రాసుకోవడం మేలు. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని చక్కగా చూపించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళదే పైచెయ్యి. వారం తర్వాత పెడితే గుర్తుతెచ్చుకుని రాసినవాళ్ళదే. రేపటి టెస్టు కోసం ఈ రాత్రి చదివే పిల్లకి తన పద్ధతి సరైనదే అనిపించడంలో వింతేమీ లేదు. మార్చి నాటికి గానీ తేడా తెలియదు.

మరి పరీక్ష అడిగేది వేరే కదా

ఇక్కడ నాకు గట్టి జవాబు లేదు, నటించను. మా అక్క అడిగింది: "నువ్వు చెప్పినట్టు రోజుకి నాలుగు లెక్కలు చేస్తే ర్యాంకు వస్తుందా?" ఎంసెట్ అని మనం ఇంకా పిలుచుకునే ఎప్‌సెట్‌లో 3 గంటల్లో 160 ప్రశ్నలు. ఫిజిక్స్‌వి 40. నెగెటివ్ మార్కులు లేవు. ఒక్కో ప్రశ్నకి నిమిషం చిల్లర. అక్కడ బొమ్మ గీసి, తెలుగులో పైకి చెప్పుకుని, తీటా సున్నా చేసి చూసేంత తీరిక ఉండదు. మోడల్ చూడగానే చెయ్యి దానంతటదే కదలాలి. కాబట్టి మోడల్ ప్రాక్టీసు వద్దని చెప్పను. పరీక్షకి ముందు రెండు మూడు నెలలు అదే చెయ్యాలి, గడియారం పెట్టుకుని. నా గొడవల్లా వరస గురించి. ముందు నెమ్మదిగా, తర్వాత వేగంగా. మన కాలేజీల్లో జూన్ నుంచే పరుగు.

బోర్డు పరీక్ష అయితే ఇంకా నిరుత్సాహపరుస్తుంది. చాలా ఏళ్ళుగా నడిచిన పేపరు చూడండి. 60 మార్కులు. రెండు మార్కులవి 10, నాలుగు మార్కులవి 8లో 6, ఎనిమిది మార్కులవి 3లో 2. పాసవడానికి 21 చాలు. పాత పేపర్లు తిరగేసి, తరచూ వచ్చే లాంగులు కొన్ని, షార్టులు కొన్ని బట్టీ కొడితే మంచి మార్కులే వస్తాయి. బాణాలు ఎటు గీశావని అడిగేవాడు లేడు. నేను చెప్పినట్టు చదివిన పిల్లకి ఈ పేపర్లో దక్కే అదనపు మార్కులు దాదాపు సున్నా. ఆ లాభం జేఈఈలో కొంత, ఇంజనీరింగులో చాలా కనిపిస్తుంది. అది ఎప్పుడో కనిపించే లాభమని చెప్తే పదహారేళ్ళ పిల్లకి ఏం ఎక్కుతుంది?

ఇంకో అభ్యంతరం మరీ బలమైనది. పొద్దున్న ఆరింటికి స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్, మధ్యలో క్లాసులు, ఆదివారం టెస్టు. ఈ హాస్టల్ పిల్ల పావుగంట ఒకే లెక్క మీద ఎక్కడ కూర్చుంటుంది? స్టడీ అవర్‌లో పైకి మాట్లాడితే వార్డెన్ ఊరుకుంటాడా? పక్క సీటు పిల్లకి గుసగుసగా చెప్పుకోమన్నాను. అంతకన్నా మంచి ఉపాయం నాకు తోచలేదు. తన రోజు మీద తనకే హక్కులేని పిల్లకి ఎలా చదవాలో సలహా ఇవ్వడంలో ఉన్న ఎబ్బెట్టుతనం నాకూ తెలుసు.

బ్యాక్‌లాగ్ పేరుకుపోయినవాళ్ళు

ఇప్పటికే సగం సిలబస్ వెనకబడ్డవాళ్ళకి నెమ్మదిగా చదవమని చెప్తే కోపం వస్తుంది. వాళ్ళు అన్నిటికీ సమానంగా టైం పెట్టక్కర్లేదు. ఫస్టియర్‌లో గతి నియమాలు, పని-శక్తి ఈ రెండూ ఎట్టి పరిస్థితుల్లోనూ నెమ్మదిగానే చదవాలి. భ్రమణం, డోలనాలు, గురుత్వాకర్షణ, సెకండియర్‌లో విద్యుత్ క్షేత్రాలు, ఆవేశాల చలనం అన్నీ ఈ రెండింటి మీదే నిలబడతాయి. ఘనపదార్థాల ధర్మాలు, పదార్థ ఉష్ణధర్మాలు కాస్త వేగంగా లాగేసినా నష్టం లేదు, తర్వాత ఎప్పుడైనా వెనక్కి రావచ్చు. సెకండియర్‌లో పరమాణువులు, కేంద్రకాలు, అర్ధవాహకాలు తక్కువ శ్రమకి ఎక్కువ మార్కులిస్తాయి, వాటిని చివరి నెలకి ఉంచుకోవచ్చు. విద్యుత్ ప్రవాహం మాత్రం అలా వాయిదా వెయ్యకండి. కిర్కాఫ్ నియమాల్లో ప్లస్, మైనస్ గుర్తుల గొడవ మెదడులో కుదురుకోవడానికి రోజులు పడుతుంది, ఒక్క రాత్రిలో రాదు. ఏసీ (ఏకాంతర విద్యుత్) పాఠానికి ముందు సైన్ గ్రాఫు ఇంకోసారి గీసి చూసుకోండి, వన్-ఏ త్రికోణమితి మర్చిపోయి ఉంటారు.